సొంత చేత్తో తీసిన రక్తం

రక్తం గడ్డకట్టడానికి అరగంట పడుతుంది, ఆ అరగంటను తొందరపెట్టగల మొనగాడు ఇంకా పుట్టలేదని చీమక్క ఇరవయ్యారేళ్ళుగా ల్యాబు కిటికీ లోపలివైపు కూర్చుని జనానికి చెబుతూనే ఉంది, ఇవాళ బయటివైపు బెంచీ మీద కూర్చుని అదే మాట తనకు తాను చెప్పుకుంటోంది, చెప్పుకున్నకొద్దీ అందులో బొత్తిగా పస లేదని తెలిసొస్తోంది. ఈ బెంచీ ఇంత ఎత్తని ఇన్నేళ్ళూ తెలీనేలేదు, కాళ్ళు నేలకు ఆనీ ఆననట్టున్నాయి, ఎన్ని వేలమంది ఇక్కడ ఇలాగే కాళ్ళు వేలాడేసుకుని కిటికీకేసి చూశారో, వాళ్ళందరినీ ఏమిటండీ ఆ తొందర, రక్తమేమన్నా నా మాట వింటుందా అని కసిరిన నోరు ఇదే. గోడ గడియారంలో తొమ్మిదీ పన్నెండు. తన ట్యూబు ఇప్పుడు లోపల స్టాండులో ఎడమ నుంచి మూడో కంతలో పసుపు మూత పెట్టుకుని నిలబడి ఉంటుంది, ఎవరూ దాన్ని కదపకూడదు, కదపరు, కదిపితే చీమక్క ఊరుకోదని లోపలున్న వాళ్ళందరికీ తెలుసు, అయినా కదుపుతారేమోనని ప్రాణం పీకుతోంది. చీమక్క అన్న పేరు ఆవిడకు పేషెంట్లు పెట్టింది. సూది గుచ్చబోయే ప్రతి మనిషితోనూ, వాడు పహిల్వానైనా పాలబుగ్గల పిల్లాడైనా సరే, చీమ కుట్టినట్టుంటుంది అంతే అనడం ఆవిడ అలవాటు, అన్నట్టే ఉండేది కూడా, అందుకే రెండు వీధుల అవతలి నుంచి కూడా జనం ఆవిడ డ్యూటీ ఎప్పుడో కనుక్కుని మరీ వచ్చేవాళ్ళు. ఆ గొప్పే తలకెక్కింది, ఇంకేముంది.

అంకె నాలుగు వందల అరవై మూడు. గురువారం పొద్దున కాగితం మీద చూసింది, చూడగానే అది తనది కాదనుకుంది, పైన పేరు చూసుకుంటే తనదే, కింద రక్తం తీసినవారు అన్నచోట ఉన్న పొట్టి సంతకం కూడా తనదే. ఎల్‌డీహెచ్ అంటే కణం పగిలినప్పుడల్లా రక్తంలోకి ఒలికే పదార్థం, పగిలేవి ఎక్కువైతే అంకె పెరుగుతుంది, ఇంత చిన్న సంగతిని ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పిందో. మొదటిసారి నూట ఎనభై ఎనిమిది, తర్వాత రెండు వందల ఒకటి, మొన్న వేసవిలో నూట తొంభై నాలుగు, మూడు నెలలకోసారి ఇలా బుద్ధిగా నడిచొచ్చిన అంకె ఒక్కసారిగా గోడ దూకేసింది. చర్మం డాక్టరమ్మ ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని మూడుసార్లు చదివింది. ఆరేళ్ళ కిందట జబ్బు పేరు చెప్పిన రోజున కూడా ఆవిడ కాగితాన్ని అన్నిసార్లు చదవలేదు. అప్పుడు నడుం దగ్గర చేతివేలంత ఎర్రటి మచ్చ, చీమక్క దాన్ని తామర అనుకుంది, తర్వాత సబ్బు పడలేదనుకుంది, ఆ తర్వాత ఇంట్లోకొచ్చిన కొత్త వార్నిష్ డబ్బా మీద నెపం నెట్టి మొగుణ్ణి వారం రోజులు సాధించింది, పాపం ఆయన డబ్బాను తీసుకెళ్ళి షాపులో పెట్టొచ్చాడు, మచ్చ మాత్రం కదల్లేదు, పైగా వీపు మీద చుట్టాలను పిలుచుకుంది. మూడుసార్లు చర్మం ముక్క తీసి పరీక్షించాక తేలింది, చర్మంలో లింఫోమా, ఒక రకం క్యాన్సర్. ఒంటిని కాపలా కాయాల్సిన తెల్లకణాలే దారి తప్పి వచ్చి చర్మంలో కాపురం పెట్టాయి. ఇది మెల్లగా నడిచే జబ్బండీ, అంది డాక్టరమ్మ ఆ రోజు, చర్మం దాటి లోపలికి పోనంతకాలం, రక్తం శుభ్రంగా ఉన్నంతకాలం, మీరు దీన్ని వెంటేసుకునే ముసలివాళ్ళవచ్చు. ఆ ఒక్క మాట పట్టుకుని చీమక్క ఆరేళ్ళు లాక్కొచ్చింది. వారానికి రెండుసార్లు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మచ్చలు తగ్గించే వెలుతురు పెట్టెలో నిలబడింది, బీరువాలో నిలబడ్డ కోటులా ఉన్నావని మొగుడు నవ్వితే తనూ నవ్వింది, రక్తం శుభ్రంగా ఉందిగా అన్న ధీమా ఒకటి కడుపులో ఉండేది కాబట్టి.

చర్మం చూస్తే బాగుంది, అంకె చూస్తే బాగాలేదు, అంది డాక్టరమ్మ గురువారం. అంకె ఒక్కటే జాతకం చెప్పదు గాని ఇంత పెరిగితే నేను ఊరుకోలేను, లోపల ఎక్కడన్నా మొలిచిందేమో వెతకాలి. ఆ పైన ఒక మాట అడిగింది, ఆ మాట తలుచుకున్నప్పుడల్లా చీమక్కకు ఈ బెంచీ మీద కూడా చెవులు వేడెక్కుతున్నాయి. 'రక్తం మళ్ళీ ఒకసారి తీయిద్దామా, శాంపిల్లో ఏమన్నా తేడా వచ్చిందేమో?' 'అక్కర్లేదండీ, నేనే తీసుకున్నాను.' ఎంత ఠీవిగా అంది. ప్రాణం మీదికొచ్చి కూర్చున్న చోట కూడా, ఎవరో తన చేతిపనిని శంకించారని ముక్కుపుటాలు ఎగరేసింది. డాక్టరమ్మ కూడా నమ్మేసింది, కన్నతల్లి రక్తాన్ని కూడా చీమక్క చేతే తీయించే మనిషి నమ్మక ఏం చేస్తుంది. అయితే సోమవారం వార్డులో చేరండి, స్కాన్ తీసి, గడ్డ ఉంటే ముక్క తీసి, కీమోలాంటి పెద్ద మందు మొదలుపెట్టాల్సి వస్తుందేమో చూద్దాం, అని మంచం నంబరు కూడా రాసిచ్చింది. పదిహేడు. సంచీలో ఉంది ఆ చీటీ, ఇందాక ఒకసారి తీసి చూసుకుంది.

గడియారంలో తొమ్మిదీ ఇరవై. ట్యూబులో ఈపాటికి గడ్డ బిగుసుకుంటూ ఉంటుంది. ఆ రెండు రోజులూ ఇంట్లో తను చేసిన నిర్వాకం తలుచుకుంటే నవ్వూ వస్తోంది, ఏడుపూ వస్తోంది. ల్యాబు నుంచి స్టిక్కర్లు తెచ్చి వంటింట్లో ప్రతి డబ్బాకీ అంటించింది, ఉప్పు, పంచదార, టీపొడి, ఒక్కోదాని మీదా పేరూ తేదీతో సహా, రేపు తను లేనప్పుడు ఆ మనిషి తడుముకోకూడదని. మొగుడు కుర్చీలు, బల్లలు చేసే వడ్రంగి, గుండుసూదంత మేకు ఏ సొరుగులో ఉందో కళ్ళు మూసుకుని చెబుతాడు గాని ముప్ఫై ఏళ్ళ కాపురంలో పంచదార ఎక్కడుంటుందో మాత్రం నేర్చుకోలేదు. శుక్రవారం పొద్దున లేచి చూస్తే ఒక్క డబ్బా మీదా స్టిక్కరు లేదు. అన్నీ గోటితో గీకి, జిగురు మరక కూడా మిగలకుండా నీళ్ళతో తుడిచి పెట్టాడు. ఏమిటీ పని అంటే, డబ్బాలు నాకు తెలుసులే, అన్నాడు. తర్వాత రోజూలాగే ఆవిడ స్నానం చేసి వచ్చాక వీపుకు మందు రాయడానికి కూర్చున్నాడు. తన చెయ్యి అందని చోటంతా ఆరేళ్ళుగా ఆయనదే, ఏ మచ్చ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆయన వేళ్ళకు కంఠతా వచ్చు. చెక్కను చిత్రిక పట్టాక కళ్ళతో చూడడు ఆయన, వేలు పెట్టి పోనిస్తాడు, వెంట్రుకంత ఎత్తు ఉన్నా వేలు ఆగిపోతుంది. 'ఇక్కడేం పెరగలేదే. పోయిన నెల కన్నా పల్చబడింది కూడా.' 'నీ వేళ్ళు ల్యాబా?' అని గయ్యిమంది చీమక్క. అంకె అంటే అంకె, కాగితం మీద ఉంది, నేనే తీశాను. ఆయన మందు డబ్బా మూత బిగించి పనికి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు చెప్పులు తారుమారుగా వేసుకున్నాడు, వీధి మలుపుదాకా అలాగే నడిచాడు, కిటికీలోంచి చూసి కూడా పిలవలేకపోయింది.

నిజం చెప్పొద్దూ, ఆ రక్తం తీసుకున్న రోజున తను ఏం చేసిందో చీమక్కకు అప్పుడే తెలుసు, తెలిసీ తెలీనట్టు పక్కకు నెట్టేసింది. సామాన్ల గదిలో స్టూలు మీద కూర్చుంది. కుడి చేతికి పట్టీ చుట్టి పళ్ళతో బిగించింది, ఎడమ చేత్తో సూది. పెద్ద నరం దొరకలేదు, మణికట్టు దగ్గర సన్నటిది దొరికింది, దానికి చంటిపిల్లల సూది వాడింది. రక్తం రాలేదు, సిరంజిని గట్టిగా లాగింది, ఇంకా గట్టిగా లాగింది, వచ్చినదాన్ని ట్యూబు మూతలోంచి బొటనవేలితో బలంగా నొక్కి దింపింది, బయట నలభైమంది వరసలో ఉన్నారాయె. లాగొద్దు, నొక్కొద్దు, ఎర్రకణాలు పగిలిపోతాయి అని కొత్తగా చేరిన ప్రతి పిల్ల చెవిలోనూ ఇల్లు కట్టుకుని పోరింది ఎవరు. పగిలిన ఎర్రకణం తన లోపలున్నదంతా సీరంలో, అంటే గడ్డ మీద తేలే పసుపు నీటిలో, కుమ్మరిస్తుంది, మెషీనుకు అది జబ్బులోంచి వచ్చిందా మూర్ఖత్వంలోంచి వచ్చిందా అన్న విచక్షణ ఉండదు, ఎంతుందో చెప్పడమే దాని పని. ఇంకొకరి చేత తీయించుకుని ఉంటే రెండు నిమిషాల పని. కానీ ఎవరి చెయ్యి నచ్చుతుంది చీమక్కకు? ఒకరిది మోటు, ఒకరిది వణుకు, నిదానమ్మది మరీ నత్తనడక.

నిదానమ్మ అన్న పేరు పెట్టింది చీమక్కే. పన్నెండేళ్ళుగా పక్క కుర్చీలో కూర్చుంటుంది ఆ మనిషి, చీమక్క ఐదుగురిని పంపేలోపు ఇద్దరిని పంపుతుంది, స్పిరిటు ఆరేదాకా ఆగుతుంది, నరాన్ని వేలితో పలకరించి పలకరించి గాని సూది తీయదు. వరసలో వాళ్ళు నిట్టూరుస్తారు, చీమక్క వాళ్ళతో కలిసి కన్ను గీటుతుంది. ఆ నిదానమ్మే నిన్న సాయంత్రం కోటు విప్పే గదిలో తలుపు పట్టుకుని నిలబడింది, ఎంతసేపటికీ పోదు. 'ఏమిటే?' అంటే అప్పుడు అంది. 'అక్కా, ఆ రోజు నీ ట్యూబు యంత్రంలో తిప్పి తీశాక సీరం గులాబీ రంగులో ఉంది.' చీమక్క విప్పబోయిన కోటు గుండీని వదిలేసింది. 'మరి చూసి ఎందుకు పక్కన పెట్టలేదు? ఇంకెవరిదైనా అయితే పారేసేదానివేగా?' 'పారేసేదాన్నే. కింద నీ సంతకం ఉంది కదక్కా. నువ్వు తీసింది పాడవుతుందా అనుకున్నాను.' చీమక్క తీసిన రక్తాన్ని ఎవరూ ప్రశ్నించకూడదు, ఇది ఆ గదిలో ఎవరూ రాయని, అందరూ పాటించే నియమం, నిలబెట్టింది తనే, ఒకసారి ఎవరో అనుమానపడితే వారం రోజులు మాట్లాడడం మానేసి మరీ నిలబెట్టింది. 'రేపు పొద్దున్నే రా, నేను తీస్తాను,' అంది నిదానమ్మ. జాలిపడి అబద్ధమాడుతోందేమో అన్న అనుమానం వచ్చింది గాని నిలవలేదు, అబద్ధమాడాలంటే చురుకుదనం కావాలి, అది ఈ మనిషి దగ్గర ఎక్కడిది.

ఇవాళ చెయ్యి చాపి కూర్చున్నప్పుడు తెలిసింది, ఎదుటి మనిషి చేతిలో సూది ఉంటే ఎలా ఉంటుందో. నిదానమ్మ వెచ్చటి గుడ్డ కప్పి నరం పైకి తేలేదాకా ఆగింది, స్పిరిటు రాసి ఆరేదాకా ఆగింది, మామూలు సూదే తీసింది, లాగలేదు, నొక్కలేదు, రక్తం తనంతట తాను ట్యూబులోకి నడిచి వస్తుంటే చూస్తూ కూర్చుంది. చీమక్క నాలుక మీదికి పది సలహాలు వచ్చాయి, తొమ్మిది మింగింది. 'కాస్త తొందరగా కానీవే.' 'చెయ్యి కదపకక్కా. ఇక్కడ నువ్వు పేషెంటువి.' ఆ మాటకు చీమక్క నిజంగానే కదలకుండా కూర్చుంది. సూది తీశాక ట్యూబును ఐదుసార్లు, నిద్రపోతున్న పసిపిల్లను పక్కకు తిప్పినట్టు, మెల్లగా తిప్పి స్టాండులో పెట్టింది నిదానమ్మ. పన్నెండేళ్ళు పక్కన కూర్చుని తను ఆ చేతులను ఒక్కసారి కూడా చూడలేదు.

అదుగో, గోడ అవతల మోత మొదలైంది, ట్యూబులను గిరగిరా తిప్పే యంత్రం, ముందు మూలుగుతుంది, తర్వాత ఈల వేస్తుంది, పది నిమిషాలు. తొమ్మిదీ నలభై రెండు. అయితే ఇప్పుడు కిందికి గడ్డ, పైకి సీరం విడిపోతున్నాయి, దాని రంగు ఈ క్షణాన తేలిపోతోంది, తను మాత్రం గోడకు ఇటు ఉంది. ఈ గోడకు అటువైపు ఉండి ఎంతమంది సంగతి వాళ్ళకన్నా ముందే తెలుసుకుందో. ఒక బడిపంతులు ఉండేవాడు, రోజూ ఇస్త్రీ చొక్కా, ఈ బెంచీ చివరే కూర్చునేవాడు, తెల్లకణాల లెక్క చూసి తను నోటి మీద చెయ్యి వేసుకున్న పది నిమిషాలకే కిటికీ దగ్గరికి వచ్చి, నాది బాగానే వచ్చిందా అమ్మా, అని అడిగాడు. నాకు తెలీదండీ, డాక్టరుగారు చెబుతారు, అంది. చెప్పకూడదన్నది రూలు, తప్పేమీ కాదు, కానీ ఆయన తన మొహంలోకి చూసి, సరేనమ్మా అని, తనకే ధైర్యం చెబుతున్నట్టు తలూపి వెళ్ళాడు. ఇప్పుడు తను కూడా కిటికీలోంచి అలాగే మొహాలు వెతుకుతోంది. బతకాలని ఉంది. ఇంత సూటిగా ఆ మాట లోపల ఇంతవరకు అనుకోలేదు, ధీమా ఉన్నన్నాళ్ళు అనుకునే పని పడలేదు, ఇప్పుడు ఈల మోతలో అదే మాట మళ్ళీ మళ్ళీ తిరుగుతోంది, బతకాలని ఉంది, ఆ మనిషి చేత ఇంకా ఇరవై ఏళ్ళు వీపుకు మందు రాయించుకోవాలని ఉంది, పోట్లాడాలని ఉంది.

మోత ఆగింది. అద్దం అవతల నిదానమ్మ ట్యూబును వెలుతురుకు ఎత్తి పట్టుకుంది, చూసింది, ఇంకా చూసింది, ఈ మనిషితో ఇదే చావు, అప్పుడు ఇటు తిరిగి అద్దానికి ఆనించి చూపించింది. పల్చటి పసుపు. ఎండుగడ్డి రంగు. అందులో గులాబీ ఛాయ నలుసంత కూడా లేదు. చీమక్క లేచి నిలబడింది, నిలబడ్డాక సంతోషించలేకపోయింది, ఎందుకంటే ఆవిడ పనిమంతురాలు, ఆ రంగుకు అర్థం ఏమిటో ఆవిడకు తెలుసు. ఈసారి వచ్చే అంకె నిజం. మొన్నటిదాన్ని అనుమానించడానికి ఒక సందు ఉంది, ఇవాళ్టిదానికి లేదు. ఇప్పుడు గనక నాలుగు వందల అరవై మూడే వస్తే గులాబీ రంగూ లేదు, చంటిపిల్లల సూదీ లేదు, పదిహేడో నంబరు మంచం ఉంది. ఇంతసేపూ తను చేసిన తప్పు మీద ఆశ పెట్టుకుని కూర్చుంది, దేవుడా, నేనే పాడుచేసి ఉండాలి, నా చెయ్యే మొరటుదై ఉండాలి, ఇరవయ్యారేళ్ళ పేరు మట్టిలో కలిసినా సరే, అని ఏ మనిషన్నా కోరుకుంటాడా, తను కోరుకుంది. మళ్ళీ కూర్చుంది. మెషీను ట్యూబును మింగితే పద్దెనిమిది నిమిషాలు. పక్కన కూర్చున్న ముసలాయన, ఇంకా ఎంతసేపమ్మా, అని అడిగితే, వస్తుందండీ, మనతోపాటే వస్తుంది, అంది, ఆ గొంతు తనదేనా అనిపించింది.

పదీ పదికి తలుపు తెరుచుకుంది. నిదానమ్మ చేతిలో కాగితం. ఆ మొహంలో ఏమీ లేదు, రూలు ప్రకారం ఏమీ ఉండకూడదు, అది తనే నేర్పింది. తలుపు నుంచి బెంచీకి పన్నెండడుగులు, ఒక్క అడుగు కూడా తొందరపడలేదు ఆ మనిషి, వచ్చి కాగితాన్ని ఒళ్ళో పెట్టింది. చీమక్క ముందు పేరు చూసింది, తేదీ చూసింది, తీసినవారి సంతకం చూసింది, అలవాటు ఎక్కడికి పోతుంది, అప్పుడు అంకె చూసింది. నూట తొంభై ఏడు. మళ్ళీ చూసింది. నూట తొంభై ఏడు. నిదానమ్మ అప్పుడు పక్కన కూర్చుని, 'రెండుసార్లు నడిపానక్కా, రెండోసారి నూట తొంభై ఆరు,' అంది, అని అప్పుడు గాని ఏడవలేదు. చీమక్క ఏడవలేదు, ఆవిడకు లోపలి నుంచి నవ్వు పొంగుకొచ్చింది, కడుపు పట్టుకుని, కాగితాన్ని గుండెకు అదుముకుని, బెంచీ అంతా కదిలేలా నవ్వింది, ముసలాయన కూడా ఏమీ తెలీకుండానే నవ్వేశాడు.

మొగుడికి ఫోను చేస్తే రంపం మోత వినిపించింది. 'నూట తొంభై ఏడు,' అంది. మోత ఆగిపోయింది. 'నేను చెప్పానుగా,' అన్నాడు ఆయన. 'నీ వేళ్ళు ల్యాబేనయ్యా,' అంది చీమక్క. డాక్టరమ్మ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని చూసింది, ముందు కళ్ళు చిట్లించింది, తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. 'నేనైనా పట్టుబట్టి మళ్ళీ తీయించాల్సింది. మీ మాట నమ్మి ఊరుకున్నాను.' 'నా మాట నేను కూడా నమ్మానండీ, అక్కడే వచ్చింది చిక్కు.' డాక్టరమ్మ పదిహేడో నంబరు మంచం ఇంకెవరికైనా ఇవ్వమని అక్కడికక్కడే ఫోను చేసింది, జబ్బు చర్మం మీదే ఉంది, రక్తం శుభ్రంగా ఉంది, వెలుతురు పెట్టె మానకండి, మూడు నెలలకు రండి అంది. మూడు నెలలకు. ఇంతకన్నా మంచి మాట ఏ భాషలోనైనా ఉంటుందా అనుకుంది చీమక్క.

మెట్లు దిగి ల్యాబులోకి వచ్చింది. పాడైన శాంపిళ్ళకు అక్కడ ఒక పుస్తకం ఉంది, నీలం అట్ట, ఎవరి చేతిలో పాడైందో, ఎందుకు పాడైందో వాళ్ళ పేరుతో సహా రాసిపెట్టాలి. అందరి పేర్లూ ఉన్నాయి అందులో, చాలావరకు చీమక్కే ఎర్ర సిరాతో రాసింది, ఆవిడ పేరు మాత్రం ఒక్కచోట కూడా లేదు, ఆ సంగతి వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పుకునేది. ఆవిడ పుస్తకం తెరిచి, ఎర్ర కలం అడిగి తీసుకుని, నిలబడే రాసింది. తేదీ. పరీక్ష పేరు. పాడైన కారణం, చంటిపిల్లల సూది, గట్టిగా లాగడం, గట్టిగా నొక్కడం, అన్నిటికన్నా ముందు పొగరు. పాడుచేసినవారు అన్నచోట పొట్టి సంతకం కాకుండా, పుట్టినప్పుడు పెట్టిన పేరూ ఇంటిపేరూ కలిపి, గీతల మీంచి పొర్లేలా పెద్దక్షరాలతో రాసింది. 'మూడు గళ్ళు తినేశావక్కా,' అంది నిదానమ్మ పక్కనుంచి తొంగిచూసి. 'తింటాను,' అంది చీమక్క. కలం మూత పెట్టి, వెనక్కి జరిగి ఆ పేజీని తృప్తిగా చూసుకుంది. ఆ పుస్తకంలో తప్పు ఒప్పుకున్నవాళ్ళు డెబ్భైమంది దాకా ఉంటారు, అది తన తప్పేనని తేలినందుకు ప్రాణం లేచొచ్చినది మాత్రం తనొక్కతే.